పండుగలో వేలమైన పన

ఆదెమ్మ మొదట కత్తెరను గ్లాసులో ముంచుతుంది. ఎడమచేత్తో నాలుగైదు వరి ఆకుల కొసలు కలిపి పట్టుకుని, ఒక్క కత్తిరింపు కత్తిరిస్తుంది. మళ్ళీ ముంచుతుంది. గ్లాసులో ఉన్నవి మామూలు నీళ్ళు కావు. ఆకు ఎండు తెగులు తెచ్చే బాక్టీరియా కలిపిన నీళ్ళు. తెగిన కొస నుంచి రోగం లోపలికి పోతుంది. తట్టుకున్న మొక్క పచ్చగా ఉంటుంది. తట్టుకోలేనిది కొస నుంచి కిందికి గడ్డిరంగులో ఎండుతూ వస్తుంది. ఉయ్యూరు దగ్గర వరి పరిశోధన క్షేత్రంలో ఆమె పెళ్ళైన కొత్తల్లో మొదలుపెట్టిన పని ఇది. ఇప్పుడు ఇంట్లో కొత్తిమీర తరిగేటప్పుడు కూడా ఆ చెయ్యి ముందు నీళ్ళగిన్నె వైపే పోతుంది.

కొన్నేళ్ళ కిందట క్షేత్రంలో ఒక వరి ఎన్నిసార్లు కత్తిరించినా ఎండలేదు. కొత్త రకాలు తయారుచేసే శాస్త్రవేత్త హెలెన్ దాన్ని పక్కన పెట్టించింది.

"దీంట్లో తట్టుకునే జన్యువు ఒక్కటే ఉందండి, ఆదెమ్మగారూ. పొలాల్లోకి వదిలితే నాలుగేళ్ళలో బాక్టీరియా దాన్ని దాటేస్తుంది. రెండు మూడు కలిపి పెడితేనే నిలబడేది."

ఆదెమ్మ తల ఊపింది. పచ్చటి పైరును పారేయడం మాత్రం ఆమెకు మింగుడు పడలేదు. కోసి పారేసిన వరి కంకుల్లోంచి ఒక పన కట్టి ఇంటికి తెచ్చుకుంది.

ఆ ఆదివారం వాళ్ళ చర్చిలో కోతల పండుగ. ఎవరి పంట వాళ్ళు తెచ్చి దేవుని ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. చేను లేని ఆదెమ్మ ఏటా గుమ్మడికాయ తెచ్చేది. ఆ ఏడు తలమీద వరిపన పెట్టుకుని రైతుల వరసలో నిలబడింది. వేలంలో దాన్ని ఆమె బావగారు, పెనిమిటి అన్న ఇశ్రాయేలు పాడుకున్నాడు. దేవుని ముందు పెట్టిన గింజను దంచుకు తినడానికి అతనికి మనసొప్పలేదు. నారు పోశాడు.

అతని కౌలుచేను తెగులు పట్టకుండా పండింది. పండగ వడ్లని పేరు పడింది. ఊళ్ళోవాళ్ళు విత్తనానికి అతని గడప తొక్కారు. ఆ పన ఎక్కడిదో ఆదెమ్మ ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు వానాకాలపు సార్వా పంటలో, గాలివాన వెలిసిన వారానికి ఇశ్రాయేలు చేలో ఆకుల అంచులు పసుపెక్కాయి.

"యూరియా ఎక్కువ పడిందిలే. రెండెండలు కాస్తే సర్దుకుంటది," అన్నాడు ఇశ్రాయేలు.

"యూరియా కాదు బావగారూ."

"నీకు ఎక్కడ చూసినా రోగమేనమ్మాయ్. రోగం అంటించే జీతం కదా నీది!" నవ్వాడు.

ఆదెమ్మ ఒక ఆకు తెంపి, అతను మంచినీళ్ళు తాగే గాజుగ్లాసులో నిలబెట్టింది. కాసేపటికి తెగిన చోటు నుంచి బాక్టీరియా పాలచారలా నీళ్ళలోకి జారింది. ఇశ్రాయేలు నవ్వు ఆగిపోయింది.

"ఆ పన క్షేత్రంలో పారేసిన వరి, బావగారూ. నాలుగేళ్ళకు మించి ఆగదని అప్పుడే చెప్పారు."

"దేవుడి ముందు పారేసింది పెట్టావా?"

"పచ్చగా ఉందండి."

అతను గ్లాసు గట్టుమీద వంచేశాడు. "ఊరంతా నా చేతిమీదుగానే పట్టుకెళ్ళారు. రత్తయ్య నిన్న కూడా వచ్చే ఏటికి ఉంచమన్నాడు," అన్నాడు.

"ఉంచొద్దు బావగారూ."

"ఆ మాట వాళ్ళింటికెళ్ళి నువ్వు చెప్పు."

మధ్యాహ్నం ఆమె హెలెన్‌కు అంతా చెప్పింది. హెలెన్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది ఆదెమ్మకు.

"వచ్చే ఏడు రైతులకివ్వాలనుకుంటున్న కొత్త రకంలో మూడు జన్యువులు పెట్టాం. వాటిలో ఒకటి ఆ పనలోదే. మీ ఊళ్ళో బాక్టీరియా దాన్ని దాటేసింది. తెగులు ఇక మిగతా రెండింటితోనే ఆగాలి."

"ఆగుద్దా మేడమ్?"

"తెలీదు. ఆ చేలో ఆకులు తెండి. వాటిలోని బాక్టీరియాలోనే కత్తెర ముంచి, కొత్త రకాన్ని కత్తిరించి చూద్దాం. ఆగకపోతే ఈ రకాన్ని ఇవ్వలేం."

సాయంత్రం ఆదెమ్మ రత్తయ్య ఇంటికి వెళ్ళి చెప్పింది. అతను వినీ విననట్టు గేదెకు గడ్డి వేస్తూ ఉండిపోయాడు. ఆమె ఇంకో గడపకు నడిచింది.

మర్నాడు పొద్దున్నే ఇశ్రాయేలు చేలోకి దిగింది. అతను గట్టుమీద అటు తిరిగి కూర్చున్నాడు. ఆమె ఎండిన ఆకులు కోసి సంచిలో పెట్టి మూతి బిగించింది. క్షేత్రానికి వెళ్ళి, హెలెన్ చెప్పినట్టు వాటిని తరిగి నీళ్ళలో నానబెట్టి గ్లాసులోకి వడకట్టింది. కొత్త రకం మడిలోకి దిగింది. పైరు మోకాళ్ళ దాకా నల్లటి పచ్చదనంతో ఉంది. కత్తెరను గ్లాసులో ముంచి, నాలుగైదు ఆకుల కొసలు కలిపి పట్టుకుంది.

కత్తిరించింది.