అబిడ్స్‌ల తుడవని అద్దాలు

ఆదివారం పొద్దుగాల ఆరుంబావుకే నేనూ, మా అన్న నర్సింహులూ వికారాబాద్ స్టేషన్‌ల కూసున్నం. ఆరు నలభైకి రావాల్సిన బండి ఏడింటికి వచ్చింది. నాంపల్లి దాక మామూలు టికెట్, పెద్ద ఖర్చేం కాదు. మా అసొంటి ముసలోళ్లు పోవాలంటే ఆదివారమే పోవాలె. ఆఫీసులకు పోయేటోళ్ల తొక్కులాట ఉండదు, కిటికీ సీటు దొరుకుతది.

ఎందుకు పోయినమో ముందే చెప్తే మంచిది. అబిడ్స్‌ల ఒక పాత సినిమా హాలుంది. పేరు రాయను. ఇప్పుడు నడిపేటోళ్లు మంచోళ్లు, ఆళ్లకు నా ముచ్చటతోని పని లేదు. ఆ హాలుల వారం రోజులు పాత సినిమాలు వేస్తున్నరు. పాత మిషన్ మీదనే, వెలుతురు కూడ పాత పద్ధతిలనే, కార్బన్ పుల్లలు కాల్చి. ఇంటర్వెల్‌ల ఆ కాలపు గాజు స్లైడ్లు చూపిస్తరని మా కోడలు ఫోన్‌ల చదివి చెప్పింది. స్లైడ్లు అన్న మాట వినంగనే నా చేతిల చాట ఆగిపోయింది.

యాభై ఏండ్ల పైమాట. అప్పుడు మేము గౌలిగూడల బస్టాండు ఎనక కిరాయికి ఉండేది. మా నాయన సుల్తాన్ బజార్‌ల బట్టల దుకాణంల గుమాస్తా. నాకు పదహారు, మా సుగుణక్కకు పంతొమ్మిది, అన్నకు ఇరవై నాలుగు. ఒకనాడు అక్కా నేనూ ఆ హాలుకే మ్యాట్నీకి పోయినం. ఆడోళ్ల క్లాసుల ఎడమ దిక్కు కూసున్నం. సినిమా నడుమ బొమ్మ మసకబారి, దాని మీద తెల్ల అక్షరాలు పడ్డయి. ఆ రోజులల్ల అది మామూలే. ఎవరికన్న ఇంటి నుంచి కబురొస్తే గేటు కాడ పేరు చెప్పేది, ఆళ్లు గాజు ముక్క మీద రాసి తెర మీద వేసేది. నాకు అప్పటికి చదువు రాదు. అక్క అయిదు దాక చదివింది. అక్షరాల దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. "నన్ను పిలుస్తున్నరు. నువ్వు కూసో, నేను పోయొస్త" అని లేచింది. మళ్ల రాలే.

అన్న హాలుకు పోయి విచారించిండు. సుగుణ పేరు మీద ఏ స్లైడూ వెయ్యలేదని గేటు కీపర్ గట్టిగ చెప్పిండు. ఇగ అంతే. అక్క ఎవరితోనో పోయిందనీ, నాకు తెలిసే అబద్ధం కట్టిన్ననీ ఇంట్ల ఖాయమైంది. అమ్మ పోయేదాక నా మొఖం నిండుగ చూడలే. అన్న అయితే అక్క పేరు ఎత్తుడే మానేసిండు. నాకు ఒక్కటే పంతం మిగిలింది. స్లైడు పడ్డ మాట నిజమని అన్న నోటితోని అనిపించాలె. అందుకే రానన్నోన్ని పట్టుకపోయిన.

శంకర్‌పల్లిల కూరగాయల గంపతోని ఒకామె ఎక్కి మా ఎదురుంగ కూసున్నది.

"ఏడికి పోతున్నరమ్మా ఇద్దరూ?"

"సినిమాకు" అన్న.

"మంచిగున్నది. మా ఆయన్ని ఇంటి ముంగట తెర కట్టినా లేపలేం."

అన్న అందుకున్నడు. "నేనేడ లేచిన, ఈమె గుంజుకపోతున్నది. యాభై ఏండ్ల కింద ఈమె ఒక సినిమా సగమే చూసింది. మిగిలిన సగం ఇయ్యాల చూస్తదట."

ఆమె నవ్వింది, నేనూ నవ్విన. అన్న మాత్రం నవ్వలే. లింగంపల్లి దాటినంక చిన్నగ అన్నడు, "చంద్రీ, ఇయ్యాల కూడ స్లైడు లేదు గీడు లేదు అని తేలితే, ఇగ ఆ ముచ్చట నా కాడ తియ్యొద్దు." సరేనన్న. ఇన్నేండ్ల సంది మోస్తున్న మాట అది, ఒక్క పూటల తేలిపోతదా అనుకున్న.

ఎనిమిది యాభైకి నాంపల్లిల దిగినం. స్టేషన్ బయట ఆటోలోళ్లు మీద మీదికి వస్తరు గని, అబిడ్స్‌కు నడిచే పోవచ్చు, మెల్లగ పోయినా పావుగంట. తొవ్వల ఒక చిన్న హోటల్‌ల ఇడ్లీలు తిని చాయ తాగినం. పెద్ద పోస్టాఫీసు దిక్కు ఆదివారం పుస్తకాలోళ్లు అప్పుడప్పుడే ఫుట్‌పాత్ మీద పట్టలు పరుస్తున్నరు. అంత మంది జనంల కూడ అన్న నడక హాలు సందు రాంగనే తగ్గింది. అక్కను ఎతుకుతూ ఆ సందుల ఎన్ని దినాలు తిరిగిండో ఆయనకే తెలుసు.

టికెట్ నూట యాభై. పదిన్నరకు తలుపులు తీసిన్రు. రంగులేసిన్రు, కుర్చీలు మార్చిన్రు, గని ఆ హాలును నేను మరిచిపోలే. ఎడమ దిక్కు నాలుగు స్తంభాలు, మూడో స్తంభం కాడ ఆడోళ్ల గేటు. దాని మీద ఎర్ర పరదా గట్లనే ఉన్నది. బయట ఎండ మండుతుంటే లోపల మాత్రం బాయిల దిగినట్టు సల్లగ. ఏసీ ఇంకా వెయ్యలేదని పక్క కుర్చీల కాలేజీ పిల్లలు అనుకుంటుండ్రి. నేను చెంగు కప్పుకున్న. మేము స్తంభాల దిక్కే కూసున్నం.

పదకొండు కొట్టకముందు ఖాదర్ సాబ్ అని ఒక పెద్దమనిషిని స్టేజీ మీదికి తెచ్చిన్రు. అదే హాలుల ముప్పై ఏండ్లు ఆపరేటర్ చేసిండట. మైకు పట్టుకుని కూసోని మాట్లాడిండు.

"అద్దానికి నల్లరంగు పూస్తుంటిమి. పుల్లతోని గీకి పేరు రాస్తుంటిమి. మనిషి లేచి గేటుకొస్తే గేటు కీపర్ టార్చి ఊపుతడు. అది చూసి మేము పైనుంచి అద్దం తీస్తం, తుడుస్తం, ఇంకో పేరుకు వాడుతం."

కార్యక్రమం నడిపే అమ్మాయి అడిగింది, "మరి మనిషి రాకపోతే సార్?"

"రాకపోతే తుడవం బేటీ. పెట్టెల పెడతం. మా ఉస్తాద్ చెప్పిన మాట. పిలుపు ఇంకా ఉన్నది గద, తుడిస్తే ఎట్ల?"

జనం నవ్విన్రు. ఆయన నవ్వలే. "పదకొండు అద్దాలు మిగిలినయి. ఇయ్యాల వేస్త" అన్నడు.

అన్న నా దిక్కు వంగి, "సూడు మల్ల, సుగుణ పేరుంటే ఆనాడే చెప్పెటోళ్లు" అన్నడు. ఇన్నేండ్లకు ఆ పేరు ఆయన నోట్లనుంచి వచ్చిందని ఆయనకు తెలిసినట్టు లేదు.

పదకొండింటికి సినిమా మొదలైంది. నలుపు తెలుపు బొమ్మ. పుల్లలు కాలిన వెలుతురు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. బొమ్మ ఊపిరి తీసుకుంటున్నట్టు ఉండె. కథ నాకు ఎక్కలే. పన్నెండు ఇరవైకి ఇంటర్వెల్. సగం మంది సమోసాలకు పోయిన్రు, సగం మంది స్లైడ్ల కోసం కూసున్నరు. మళ్ల చీకటి చేసిన్రు.

ఒక్కొక్కటే పడుతున్నయి. కోఠి డాక్టర్‌ను దవాఖానకు రమ్మని ఒకటి. బేగంబజార్ నుంచి వచ్చిన సేటును దుకాణం తాళం ఇచ్చిపొమ్మని ఒకటి. "సేటు ఇంకా సినిమా చూస్తున్నడు" అని ఎవరో అంటే హాలంతా నవ్వు. నేను ఏలు మడుచుకుంటూ లెక్క పెడుతున్న. ఎనిమిదైనయి. అక్క పేరు రాలే. తొమ్మిదోది పడ్డది.

గౌలిగూడ చంద్రకళ గారు
మీ వాళ్ళు గేటు వద్ద ఉన్నారు

నేను ముప్పై దాటినంక చదువు నేర్చుకున్న. అక్షరం అక్షరం కూడుకుని చదువుత. ఇది మాత్రం ఒక్క చూపుల చదివిన. నా పేరు. అక్క నా పేరు చదివి, తననే పిలుస్తున్నరని చెప్పి లేచింది. గేటు కీపర్ అబద్ధం చెప్పలే. నేనూ చెప్పలే.

అన్న కూడ చదివిండు. నా చెయ్యి మణికట్టు కాడ పట్టుకున్నడు.

"నువ్వన్నది నిజమే చంద్రీ" అన్నడు. యాభై ఏండ్లు నేను ఎదురుచూసిన మాట. కాని ఆయన ఆడ ఆగలే. "మనోళ్లెవరూ పోలే. ఆనాడు నాయనకు జరం. అందరం ఇంట్లనే ఉన్నం. మరి గేటు కాడ ఉన్నదెవరే?"

మైకుల ఆ అమ్మాయి నవ్వుకుంటూ అడుగుతున్నది, "చంద్రకళ గారు, ఎవరైనా ఉన్నారా?" హాలుల జనం అటూ ఇటూ చూస్తున్నరు. అద్దం తియ్యలే. లోపట ఇంకా సల్లబడ్డది. మూడో స్తంభం కాడ ఎర్ర పరదా ఒక్కసారి లోపలికి ఊగింది, అవతల తలుపు తీసినట్టు. నాకు లేవాలనిపించింది. భయంతోని కాదు. గేటు అవతల అక్క ఇంకా పంతొమ్మిది ఏండ్లదే నిలబడి ఉన్నదేమో, నేను రాక పోలేకపోతున్నదేమో అని. కుర్చీ మీద చెయ్యి ఆన్చి సగం లేచిన.

అన్న నన్ను కిందికి గుంజిండు. "నువ్వు కూసో. నేను పోయొస్త."

వద్దనే లోపలనే లేచిండు. మోకాళ్ల నొప్పులున్న మనిషి, చేతికట్టెను కుర్చీ కాడనే మరిచిపోయిండు. చీకట్ల స్తంభాల వెంట పోతున్న తెల్ల అంగీ కనిపించింది, పరదా కాడ మాయమైంది. కొంచెం సేపటికి అక్కడ టార్చి వెలిగింది. మూడుసార్లు ఊగింది. తెర మీద నా పేరు పోయింది. హాలుల చప్పట్లు కొట్టిన్రు.

నేను లెక్క పెట్టుకుంటూ కూసున్న. పదో అద్దం, పదకొండో అద్దం. మళ్ల సినిమా. ఒక పాట అయిపోయింది, ఇంకో పాట అయిపోయింది. ఒక మనిషిని పోనిచ్చి గిట్లనే కూసున్న, ఇంకొకరిని కూడ పోనిచ్చిన్ననా అని పరదా దిక్కే చూసిన. లేచి అరవాలె అనుకుంటుంటె పక్కన కుర్చీ కిర్రుమన్నది. అన్న. చెయ్యి పట్టుకుంటె కుండల నీళ్లంత సల్లగ ఉన్నది.

"ఎవరున్నరు అన్నా?"

"సినిమా చూడు" అన్నడు.

ఒకటీ నలభైకి ఆట విడిచిన్రు. అన్న బయట మెట్ల మీద కూసుంటె నేను ఎడమ దిక్కు పోయి పరదా తీసి చూసిన. గోడ. సున్నమేసిన గోడ. టికెట్లు చింపే ఆయన్ని అడిగిన.

"ఆ గేటా అమ్మా, నేను పనికి రాకముందే మూసిన్రు. పరదా ఊరికె అందానికి."

"మరి టార్చి ఊపింది ఎవరు?"

"మాకు టార్చిలు ఏడున్నయమ్మా, ఫోన్ లైటే."

ఖాదర్ సాబ్ కింద ఒక బల్ల కాడ అద్దాలు పెట్టెల సర్దుతున్నడు. పది పెట్టిండు. ఒకటి చేతిల పట్టుకుని తడిబట్టతోని తుడుస్తున్నడు. నల్లరంగు ఆయన ఏళ్లకు అంటుకున్నది. నేను ఎవరన్నది ఆయనకు చెప్పలే. "గేటుకొచ్చిన్రు గదమ్మా, టార్చి చూసిన" అని ఆయనే అన్నడు.

నాంపల్లి స్టేషన్‌కు ఆటోల వచ్చినం, అన్న నడవలేనన్నడు. మూడూ పదికి బండి. కౌంటర్ కాడ నిలబడి, "వికారాబాద్, మూడు" అన్నడు.

"అన్నా, మనం ఇద్దరమే గద."

నా మాట విననట్టె మూడు టికెట్లు తీసుకుని అంగీ జేబుల పెట్టిండు. బండిల నన్ను ఒక దిక్కు కూసోమని, తను ఒక దిక్కు కూసున్నడు. తన పక్కన కిటికీ కాడ జాగ ఖాళీ పెట్టిండు. లింగంపల్లిల జనం ఎక్కిన్రు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె వచ్చి అడిగింది.

"గీడ ఎవరన్న ఉన్నరా తాతా?"

"ఔ బిడ్డా. మా చెల్లె సుగుణ ఉన్నది."

ఆమె నన్ను చూపిచ్చి, "ఈమె గాదా?" అన్నది.

"ఈమె చిన్న చెల్లె."

ఆ పిల్లతల్లి కిటికీ దిక్కు చూసింది. ఇంకో మాట అడగకుంట వేరే జాగ చూసుకున్నది. అన్న జేబుకు చెయ్యి ఆన్చి కండ్లు మూసుకున్నడు. యాభై ఏండ్లల్ల ఆయన మొఖం అంత నిమ్మళంగ నేను చూడలే.

మీలో ఎవరన్న పోవాలనుకుంటే వారం లోపల పోండ్రి. హాలు మంచిగున్నది, పాత సినిమా చూసినట్టు అయితది, దుప్పటి ఒకటి పెట్టుకోండ్రి. నేనైతే నన్ను అబద్ధాలదన్నరనే కోపంతోని పోయి, నా కోసం లేచిన ఇద్దరిని చూసి వచ్చిన.

అయిదింటికి వికారాబాద్ వచ్చింది. నేను ముందు దిగిన. అన్న తలుపు కాడ పక్కకు జరిగి, ఒకరికి జాగ ఇచ్చి, ఆఖరుకు దిగిండు.