ఖాదర్ నేరేడు

డెబ్భై ఒకటి యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, మైలవరం రోడ్డు పొడుగునా చనిపోయిన జవాన్ల పేర్లతో రాళ్ళు పాతి, ఒక్కో రాయి పక్కన ఒక్కో నేరేడు మొక్క నాటారు. వాటికి నీళ్ళు పోసే పని రోడ్డు కూలీ శౌరమ్మది. ఏడేళ్ళుగా ఆవిడ మేకల్ని తిట్టింది, మేకల్ని తోలినవాళ్ళని అంతకన్నా తిట్టింది. మొక్కల్ని మాత్రం రాతి మీది పేరు పెట్టి పిలిచేది.

ఆ పొద్దున ఖాదర్ చెట్టు కింద నల్లగా నిగనిగలాడుతూ పళ్ళు! తక్కిన చెట్లు ఇంకా పూయనైనా లేదు. శౌరమ్మ బిందె అక్కడే వదిలేసి, పళ్ళు కొంగున మూటగట్టుకుని ఖాదర్ తల్లి కరీమున్నీసా ఇంటికి ఒకటే పరుగు. ఆ తల్లి ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆ రాయి వైపు రాలేదు.

"వదినా! మీవాడు కాపుకొచ్చాడు!"

"నువ్వు తిన్నావా?"

"తొలికాపు తల్లిది కాదూ? నేనెట్టా నోట్లో పెడతాను!"

కరీమున్నీసా ఒక పండు నోట్లో వేసుకుంది. "చిన్నప్పుడు ఎవరి చెట్టో దులుపుకొచ్చి, తినలేదని ఒట్లు పెట్టేవాడు. ఏదీ, నాలుక చూపించరా అనేదాన్ని."

గింజ ఊసి ఇంకోటి వేసుకుంది. తర్వాత ఇంకోటి. మూట సగం ఖాళీ అయ్యాక శౌరమ్మ వైపు తిరిగింది.

"ఒట్టు, నేను తిన్లేదు," అని ఊదారంగు నాలుక బారెడు బయటపెట్టింది.