మోగని రింగు

మా నాయనకు చదువు రాదు. అందుకే మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉండేది. పొద్దున్నే నా నంబరు నుంచి ఒక రింగు వచ్చి ఆగిపోతే ఆ రోజు వాన ఉన్నట్టు, రాకపోతే లేనట్టు.

ఆ రింగు ఇచ్చేది నేను రాసిన ప్రోగ్రాం. నేను పనిచేసేది మార్కాపురంలో ఒక కంపెనీ బ్రాంచిలో. అక్కడి కంప్యూటర్ నుంచి ఆ ప్రోగ్రాం రోజూ వాతావరణం చెప్పే సర్వీసును అడిగేది. అర్ధవీడు పక్కన మా ఊరికి వాన ఉందంటే, ఫోన్లు చేసే ఇంకో సర్వీసుతో నాయనకు రింగు ఇప్పించేది. మా ఆఫీసు నుంచి ఏ కోడైనా బయటి ఇంటర్నెట్‌కు పోవాలంటే ప్రాక్సీ అనే కాపలాను దాటాలి, దానికి నా పాస్‌వర్డ్ చూపాలి. ఆ పాస్‌వర్డ్‌ను కోడ్‌లోనే రాసిపెట్టాను. రాయకూడదని తెలిసీ, బద్ధకంతో. పైగా సొంత పని మేనేజర్ కంట పడుతుందని, ఏ ఇబ్బంది వచ్చినా కిక్కురుమనకుండా ఆగిపొమ్మని కూడా రాశాను.

నాయన గొర్రెల మందను కొండవారకు తోలుకుపోతే సాయంత్రానికి గానీ రాడు. నాలుగు రోజుల పిల్లలు అంత దూరం నడవలేవు. వాటిని దొడ్డి పక్కన వెదురు గంపల కింద మూసి, కుక్కలు తోయకుండా పైన రాయి పెట్టి పోతాడు. గొర్రెలున్న వాళ్లంతా చేసేదదే. రింగు వచ్చిన రోజు మాత్రం అమ్మ తిట్టినా సరే, పిల్లలను వసారాలో వదిలేవాడు. అమ్మ కూలికి పోతే పగలు ఇంట్లో ఎవరూ ఉండరు.

ఆఫీసు వాళ్లు పాస్‌వర్డ్ మార్చమన్నారు. మార్చాను. కోడ్‌లో మార్చడం మరిచిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం మార్కాపురంలో వాన దంచికొట్టింది. నాయనకు రింగు పోయే ఉంటుందిలే అనుకుని, కిటికీ దగ్గర నిలబడి తీరిగ్గా టీ తాగాను. ఆ టీ తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. పొద్దున్నే బస్సెక్కి పోయాను. గంపలు తీసేసి ఉన్నాయి. కొండ నుంచి దిగిన నీళ్లు దొడ్డిలోకి వచ్చి, తొమ్మిది పిల్లలూ మూసిన చోటే పోయాయట. పాలు నిండిన తల్లులు ఆ గంపల చుట్టూ తిరుగుతూ అరుస్తున్నాయి.

"తప్పు నాది నాయనా. పాస్‌వర్డ్ మార్చి, కోడ్‌లో మార్చలేదు. ప్రాక్సీ ప్రోగ్రాంను బయటికే పోనియ్యలేదు" అన్నాను.

ఆయనకు ఏం అర్థమైందో తెలియదు. నా వైపు చూడకుండా అన్నాడు: "పొద్దున మబ్బు చూసినానమ్మా. మీ అమ్మ గూడా గంపలు వద్దనింది. నా బిడ్డ రింగు రాలేదు, వాన యాడ నుంచి వస్తాదే అని నేనే ఎగతాళి చేసినా."

తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ప్రోగ్రాం మార్చాను. పాస్‌వర్డ్ కోడ్‌లో లేదు. ఏ చిక్కొచ్చినా ముందు నాకే తెలుస్తుంది. వాన లేకున్నా రోజూ ఒక రింగు పోతుంది, వాన ఉంటే రెండు. అసలు రాకపోతే నన్ను నమ్మొద్దని నాయనకు రెండుసార్లు చెప్పాను. "అట్లనేమ్మా" అన్నాడు.

మొన్న అమ్మను అడిగాను, రింగులు సరిగ్గా వస్తున్నాయా అని.

"వస్తాండాయి. మీ నాయన ఫోను వసారా గూట్లో పెట్టి పోతాండాడు. వాన ఉన్నా లేకున్నా పిల్లలను వసారాలోనే వదులుతాండాడు. నీ రింగు మోగినప్పుడల్లా అవి ఉలిక్కిపడతాండాయి."