కుట్టు విప్పిన వారం

ఆ వీధిలో ఆమెను అందరూ అట్టలక్క అనేవారు. కింద బైండింగు షాపు, పైన ఇల్లు, మధ్యలో పద్దెనిమిది మెట్లు. ఆ మెట్లను ఆమె రెండు విడతల్లో ఎక్కేది. తొమ్మిదో మెట్టు మీద ఆగి, గోడకు భుజం ఆనించి, ఏదో మర్చిపోయి గుర్తు చేసుకుంటున్నట్టు ముఖం పెట్టేది. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. బళ్లో ఆటల పీరియడంతా తోటి పిల్లల చెప్పులకూ సంచులకూ కాపలా కాసింది. నలభై రెండేళ్లు వచ్చేసరికి, పరుగు అనేది వేరేవాళ్ల పని అని తనకు తానే సర్ది చెప్పేసుకుంది.

ఒక సోమవారం పొద్దున ఆ సర్దుబాటు చెడింది. పరిశోధన వ్యాసానికి అట్ట కట్టించుకున్న ఒకావిడ, ఐదు ప్రతుల్లో నాలుగే పట్టుకుని బయల్దేరింది. ఐదోది బల్ల మీద ఉండిపోయింది. అట్టలక్క దాన్ని చంకలో పెట్టుకుని పరిగెత్తింది. ముప్పై అడుగులు వేసిందో లేదో, ఛాతీకి ఎవరో తాడు బిగించినట్టయింది. కరెంటు స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. కళ్ల ముందే ఆవిడ ఎక్కిన బస్సు కదిలింది. ఎదురు కొట్టు దర్జీ, అరవై ఏళ్ల మనిషి, మెడలో టేపు ఊగుతుండగా పరిగెత్తి, బస్సు ఆపి, పుస్తకం ఇచ్చి వచ్చాడు.

"దీనికేముందమ్మా, నాలుగడుగులేగా," అన్నాడు.

ఆ 'నాలుగడుగులేగా' ఆమెకు వారం రోజులు ముద్ద దిగనివ్వలేదు.

ఉబ్బసానికి మందులిచ్చే డాక్టరమ్మ, తానూ పరిగెత్తాలన్న ఆమె కోరిక విని నవ్వలేదు. "పరిగెత్తొచ్చు. ఎందుకు పరిగెత్తకూడదూ? కానీ నేను చెప్పినట్టు," అంది. పొద్దునా సాయంత్రం పీల్చే మందు మానకూడదు. బయల్దేరడానికి పావుగంట ముందు, ఆయాసాన్ని వెంటనే తగ్గించే నీలం పంపు రెండుసార్లు పీల్చాలి. మొదట పది నిమిషాలు నడక. రోజూ పొద్దున్నే ఊపిరి కొలిచే గొట్టంలోకి మూడుసార్లు గట్టిగా ఊది, ముల్లు ఎంతవరకు పోయిందో పుస్తకంలో రాయాలి.

"మూడు వందలకు తగ్గిన రోజు పరుగు లేదు. నేను మీ ముఖం చూసి వైద్యం చెయ్యను, పుస్తకం చూసి చేస్తాను."

పుస్తకమంటే అట్టలక్కకు వేరే చెప్పాలా! తానే కాగితం మడిచి, గీతలు గీసి, కుట్టి, నీలం గుడ్డతో అట్ట వేసింది. భర్త దాన్ని కటింగు మెషిన్‌లో పెట్టి మూడు అంచులూ నున్నగా కోసిచ్చాడు. వారానికొక పేజీ.

ఇంట్లో అసలు అనుమతి రావలసింది అత్తగారి దగ్గర్నుంచి. నలభై ఏళ్లు అదే షాపులో కాగితాలు మడిచిన చేతులు ఆవిడవి. మాట కత్తెర. కోడలి ఊపిరిలో ఈల వినపడితే మాత్రం ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క ఉండేది కాదు.

"ఈ వయసులో నీకు పరుగేంటే? వెనకాల కుక్క పడిందా?"

"లేదత్తయ్యా."

"అయితే కూర్చో."

"కూర్చునే నలభై రెండేళ్లయింది."

అత్తగారు కోడలు కొనుక్కొచ్చిన కొత్త బూట్ల వంక చూసింది. "సరే, అలాగే ఏడువు. కానీ ఒక్కరోజు ఆయాసంతో గుమ్మం ఎక్కావా, ఆ బూట్లు తీసుకెళ్లి దర్జీకిచ్చేస్తా. అతనికైనా పనికొస్తాయి," అంది.

కాలువ పక్క బాట మీద, ఇనుప వంతెన నుంచి పంపుహౌసుకి రెండున్నర కిలోమీటర్లు. పోనూ రానూ ఐదు. ఆ ఐదు మీదే ఆమె కన్ను. మొదట ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. చలిగా ఉన్న పొద్దుల్లో మూతికి మెత్తటి గుడ్డ. మూడో నెలకు మూడు కిలోమీటర్లు వచ్చాయి. పుస్తకంలో అంకెలు మూడు వందల నలభై, అరవై, ఎనభై అంటూ పైకి పాకాయి. "ఇంకో నెల ఇలాగే ఉంటే సాయంత్రం మందు ఆపి చూద్దాం," అంది డాక్టరమ్మ. అట్టలక్క ఆ రోజు ఒక్క విడతలో పద్దెనిమిది మెట్లూ ఎక్కింది.

ఆ నెలలోనే వానకు తడిసి బూజు పట్టిన పాత పుస్తకాలు నాలుగు గోనెసంచుల నిండా షాపుకి వచ్చాయి. రెండు రోజులు వాటి అట్టలు ఊడదీసింది. మూడో రోజు ముల్లు రెండు వందల తొంభై దగ్గర ఆగింది. తర్వాత రెండు రోజులు ఇంకా కిందే. మడమ బెణికిందని ఇంట్లో చెప్పి పరుగు మానింది. కానీ పుస్తకంలో ఆ మూడు అంకెలు ఉన్నాయి. డాక్టరమ్మ చూస్తే పరుగు వద్దంటుంది. అది అత్తయ్య చెవిన పడితే బూట్లు గడప దాటుతాయి.

చేతిలో పనితనం ఉన్నవాళ్లకే వచ్చే బుద్ధి అది. కుట్టు విప్పి, ఆ వారమున్న కాగితం బయటికి తీసింది. అదే రకం కాగితం మడిచి లోపల పెట్టి, తిరిగి కుట్టింది. పాత కాగితం మీదున్న పక్క వారాలు ఉన్నవి ఉన్నట్టు దించి, ఆ మూడు రోజులకు మాత్రం మూడు వందల అరవైలు వేసింది.

డాక్టరమ్మ పేజీలు తిప్పి సంతోషించింది. సాయంత్రం మందు ఆపింది.

పదకొండో రోజు పొద్దున పంపుహౌసు ఇంకా కనపడకముందే తాడు బిగుసుకుంది. నీలం పంపుతో కాస్త తేలికపడింది కానీ ఈల పోలేదు. ఆటోలో ఇల్లు చేరింది. గుమ్మంలోనే అత్తగారు విన్నది. బూట్ల ఊసెత్తలేదు. కూర్చోబెట్టి, వీపు రాసి, ఈల తగ్గాక అంది.

"మందు తగ్గించిందంటే అంకెలు బాగుండాలి కదే. ఏదీ, ఆ పుస్తకం ఇలా తే."

అత్తగారు దాన్ని తెరవలేదు. అంచు మీద బొటనవేలు పెట్టి మెల్లగా లాగింది. ఒకచోట వేలు ఆగింది.

"ఇది తర్వాత పెట్టిన కాగితం. వెంట్రుకంత బయటికుంది."

అట్టలక్క పుస్తకం వెనక్కి తీసుకోబోయింది, అత్తగారు వదల్లేదు.

"నాకే టోపీ పెడదామనుకున్నావా?"

"మీక్కాదత్తయ్యా. డాక్టరమ్మకి."

"అబ్బో, పెద్ద మర్యాదే! మందు పీల్చేది డాక్టరమ్మా? తీసేసిన కాగితం ఏది?"

రాసిన కాగితం పారెయ్యడం ఆమె చేతులకు రాదు. అది జిగురు డబ్బాల అరలో, అట్టముక్కల కింద ఉంది.

ఆ సాయంత్రమే ఇద్దరూ వెళ్లారు. డాక్టరమ్మ ఆ కాగితాన్నీ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి అంకెలు పోల్చి చూసింది.

"నేను దీన్ని నమ్మి సగం మందు ఆపానండీ," అంది.

అట్టలక్క చెవులు కాలిపోయాయి. "ఇక పరుగు ఆపమంటారా?"

"ఇవి చూపించి ఉంటే మందు తగ్గించేదాన్ని కాదు. బూజు పుస్తకాలు ముట్టొద్దనేదాన్ని, వారం ఆగి వెళ్లమనేదాన్ని. ఆపమని ఎప్పుడన్నాను?"

సాయంత్రం మందు మళ్లీ మొదలైంది. మూడు వారాలు నడక మాత్రమే. బూజు పట్టిన సంచులు భర్త వాటాకు పోయాయి. ఇంటికొస్తూ ఆమె భయంగా, "మరి బూట్లూ?" అంది.

"దర్జీనడిగాను. పట్టవట," అంది అత్తగారు.

మరో నాలుగు నెలలకు, ఒక ఆదివారం, ఆమె పంపుహౌసు గోడ తాకి వెనక్కి తిరిగింది. నాలుగో కిలోమీటరు దగ్గర ఛాతీ బిగిసింది. బాట నిండా మనుషులు. బాట పక్క రాతిగట్టు మీద కూర్చుని, అందరూ చూస్తుండగానే పంపు పీల్చింది. ఎవరో పెద్దాయన ఆగి ఏమైందమ్మా అన్నాడు.

"ఉబ్బసమండీ. కాసేపట్లో సర్దుకుంటుంది. లేకపోతే నడిచి వెళ్లిపోతా."

సర్దుకుంది. కొంత నడిచి, తర్వాత మెల్లగా పరుగందుకుని, ఇనుప వంతెన చేరింది.

"ఎంత?" అంది అత్తగారు మెట్ల పైనుంచి.

"ఐదు."

"ఆగకుండానా?"

"లేదు. ఆగాను. పంపు కూడా వాడాను."

అత్తగారు ఒక క్షణం ఆమె ఊపిరి విన్నది. ఈల లేదు.

"అయితే అదీ రాయి. రాసి స్నానానికి పో, చెమట కంపు," అంది.