పత్తి బేళ్ళు, పాప కన్ను

కల్లంలో మిరపకాయల ఘాటుకు కళ్ళు మండి, భుజం మీది పాపను ఎండ వైపు తిప్పాను. అప్పుడు కనిపించింది, ఎడమ కంటి నల్లగుడ్డు నడుమ పాలమీగడ లాంటి తెలుపు. చెయ్యి అడ్డుపెట్టి మళ్ళీ చూశాను. నీడ కాదు. ఇది రాస్తున్న ఈ రాత్రి కూడా కిటికీలోంచి ఆ ఘాటే వస్తోంది.

గుంటూరులో డాక్టరుగారు శుక్లం అన్నారు. త్వరగా తీయకపోతే ఆ కన్ను చూడటం నేర్చుకోదన్నారు. రక్తపరీక్షలో బీకోర్ అనే జన్యువులో మార్పు కనబడింది. ఆపరేషన్ ముందురోజు అత్తయ్య, "గ్రహణం పూట వద్దంటే వినకుండా వంకాయలు తరిగావు కదమ్మా" అంది. చదువుకున్నదాన్నే, అయినా నిజమేనేమో అనిపించింది. ఆ సాయంత్రమే సుగుణ మేడమ్ గుర్తొచ్చారు.

ఒంగోలు కాలేజీలో మాకు జువాలజీ చెప్పేవారు. ఇప్పుడు లేరు. జన్యువులు మూగబోవడం మాకు అర్థం కావడం లేదని ఓసారి పత్తి మిల్లుకు తీసుకెళ్ళారు. వదులుగా పోసిన దూది చూపించి, "పోగు లాగు" అన్నారు నాతో. సులువుగా వచ్చింది. నొక్కి కట్టిన బేలు చూపించి, "ఇప్పుడు లాగు." వేళ్ళు నొప్పి పుట్టాయి కానీ పోగు రాలేదు.

"చదవకూడని జన్యువును కణం ఇలాగే బిగించి పెడుతుంది."

"ఎవరు బిగిస్తారండీ?"

చెవిలో బీడీ దోపుకున్న మేస్త్రిని చూపించారు. "ఏ గుట్టో చెప్పేది గుమాస్తా. నొక్కేది కూలీలు. ఈయన దూది ముట్టుకోడు, కూలీలను ఆ గుట్ట దగ్గరికి చేరుస్తాడు. కోరిప్రెసర్ అనే ప్రొటీన్ పనీ అదే."

"నన్ను చూపించి పాఠాలు చెప్తన్నారేంటమ్మా?" అన్నాడు మేస్త్రి.

"నీలాంటోడు మా ఒంట్లోనూ ఉన్నాడయ్యా."

"ఆడికైనా ఆదివారం సెలవిత్తారా?"

"బిడ్డ కడుపులో పడ్డ రోజు నుంచీ లేదు" అని నవ్వి, మా వైపు తిరిగారు. "ప్రతి కణంలోనూ కన్నుకూ గోరుకూ గుండెకూ కావలసినవన్నీ ఉంటాయి. మిగతావి ఊరుకుంటేనే కన్ను కన్నవుతుంది."

తిరుగు బస్సులో అందరూ పాటలు పాడుతుంటే నేను నా అరచేతినే చూసుకుంటూ కూర్చున్నాను.

బీకోర్ తయారుచేసేదీ అలాంటి మేస్త్రినే. పాపలో ఆ జన్యువు ప్రతులు రెండుంటే ఒకటి దెబ్బతింది. అయినా లెక్కలేనన్ని గుట్టలు వేళకు బిగిశాయి, చెవులు కుదిరాయి, గోళ్ళు వచ్చాయి. అంత పనిలో నా కత్తిపీటకు చోటెక్కడుంది?

మర్నాడు ఆసుపత్రికి బయల్దేరుతుంటే పెద్దపాప అడిగింది, "చెల్లి కంటికి ఎవరు తప్పు చేశారమ్మా?"

అత్తయ్య గుమ్మంలోనే ఉంది. పెద్దదాన్ని దగ్గరికి తీసుకుని, చంకలోని చిన్నదానికీ వినబడేలా చెప్పాను. "ఎవరూ చెయ్యలేదు తల్లీ. లోపల ఒక మేస్త్రి ఒక్కచోటికి వేళకు రాలేకపోయాడు. మిగిలినవాళ్ళంతా వచ్చారు, అందుకే చెల్లి మన దగ్గరుంది. ఇవాళ డాక్టరుగారు ఆ తెలుపు తీస్తారు. తర్వాత నువ్వు రోజూ దాని ఎదురుగా కూర్చోవాలి. చూడటం నేర్పాలి."