మా అమ్మ ఆఖరి స్నానం

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు తప్పు ఒప్పుకునే అలవాటు మా వంశంలో లేదు.

తిరువూరులో మాకు రైస్ మిల్లు ఉండేది. ఎ.కొండూరు వైపు మామిడి తోటలుండేవి. అన్నీ పోయాయి. నేను పెళ్లి చేసుకోలేదు. అమ్మా నేనూ రెండు గదుల అద్దె ఇంట్లోకి మారాం. అయినా ఇస్త్రీ చొక్కా లేకుండా నేను గడప దాటలేదు.

అమ్మకి పక్షవాతం వచ్చింది. కన్నతల్లికి స్నానం చేయించడానికి నాకు చేతులు రాలేదు. సిగ్గా? ఇప్పటికీ అలాగే రాయాలనిపిస్తోంది. కాదు, అసహ్యం.

అప్పుడు రత్నం వచ్చింది. వాళ్ళ చర్చిలో కొందరు ఆడవాళ్ళు మంచాన పడ్డవాళ్ళ ఇళ్లకి వెళ్ళి, ఒళ్ళు కడిగి, తల దువ్వి వస్తారు. ఏమీ తీసుకోరు. ఆమెది ఏ పేటో నాకు తెలుసు. అందుకే పెరటి తలుపు నుంచి రమ్మన్నాను. వచ్చేది.

రోజూ పొద్దున్నే తలుపు అవతల నీళ్ళ చప్పుడు, ఆ వెనకే అమ్మ నవ్వు. "మావాడు నా దగ్గరికి రాడే రత్నం, చొక్కా నలుగుతుందని" అని నా మీద వేళాకోళం కూడా. నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు రత్నాన్ని మొహం మీదే అడిగాను, మతం మార్చడానికేనా ఇదంతా అని. "అమ్మగారు నవ్వితే ఆ పూటంతా నాకు హాయిగా ఉంటుందండి. దేవుడికి థాంక్స్ చెప్పుకుంటూ ఇంటికెళ్తాను" అంది. జాలిపడ్డానని చెప్పి ఉంటే ఆ రోజే పొమ్మనేవాణ్ణి. కానీ సంతోషమట. మేము ఇంత దిగజారిన చోట ఆమెకి సంతోషం ఎలా దొరుకుతుంది? దొరకడానికి ఆమెకేం హక్కుంది? నిజంగా ఇలాగే అనుకున్నాను.

పోయే ముందు అమ్మ నన్ను పిలిచింది. మాట ముద్దగా ఉన్నా అర్థమైంది. ఆఖరి స్నానానికి మొదటి చెంబు రత్నం చేత పోయించమంది. సరేనన్నాను.

అమ్మ పోయాక బంధువులు దిగారు. ఆవిడ మంచాన ఉన్నన్నాళ్ళూ తొంగిచూడని వాళ్ళు. వాకిట్లో అమ్మని బల్ల మీద పడుకోబెట్టి, ముక్కులకి కొంగులు అడ్డం పెట్టుకుని తలో చెంబూ పోయడానికి నిలబడ్డారు. రత్నం గేటు దాటి లోపలికొచ్చింది.

"అయ్యగారూ, నేనూ ఒక్క చెంబు పోస్తానండి."

మా మేనత్త వెనక్కి తిరిగింది. "ఎవర్రా ఈమె?"

"పనిమనిషి అత్తయ్యా. జీతానికి పెట్టుకున్నాను."

"జీతానికొచ్చిన మనిషికి ఇక్కడేం పని? అవతల నిలబడమను."

రత్నం నా వైపు చూసింది. ఆమె ఒక్క మాట అంటే అక్కడే నా పరువు పోయేది. "అలాగేనండి" అని గేటు బయటికి నడిచింది. మొదటి చెంబు మా మేనత్త పోసింది.

మేనత్తని తిట్టుకోవడం తేలిక. చాలా ఏళ్ళు అదే చేశాను. కానీ అమ్మ కోరిక ఆవిడకి తెలియదు. నాకు తెలుసు.

ఈమధ్య పక్కవాటాలో ముసలాయన బాత్రూంలో పడిపోయాడు. ఇంట్లో ఎవరూ లేరు. నేనే లేపి, కడిగి, బట్టలు మార్చాను. ఆయన నా చెయ్యి పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకి నాలో ఏదో నిండిపోయింది. ఇలాంటిది ఒకటుందని నా జన్మలో నాకు తెలియదు. ఇంటికొచ్చి తలుపేసుకుని పళ్ళు నూరాను. ఇది నా దగ్గర ఎవరూ దాచలేదు. రోజూ ఒక తలుపు అవతలే ఉంది, నా సొంత తల్లి దగ్గర. నేను వెళ్లలేదు. వెళ్లిన మనిషిని పనిమనిషన్నాను.

రత్నం బస్టాండు దగ్గర కనిపిస్తూనే ఉంటుంది. బాగున్నారా అని అడుగుతుంది. అమ్మ కోరిక సంగతి ఆమెకి తెలియదు. ఆ రోజు తనే చనువు తీసుకుని అడిగిందనీ, నేను కాదన్నాననీ అనుకుంటోంది పాపం. క్షమించమంటే క్షమించేస్తుంది. అంత సులువుగా వదిలించుకోవడం నాకిష్టం లేదు. ఇది రాస్తుంటే ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. దానికీ నా మీద నాకు కోపంగానే ఉంది.

అమ్మ అడిగింది రత్నాన్నే. మాలో ఎవర్నీ కాదు.