కర్త ఎవరండీ?

పోయిన సోమవారం పొద్దున్న గోపాలపట్నం నుంచి మేడం గారి అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మ వెళ్లిపోయిందండీ. మీవాళ్లందరికీ మీరే చెప్పండి" అంది. నేను మాటలు తక్కువ మనిషిని. మా కూలీల ముఠాలో అందరికీ చెప్పేసరికి మధ్యాహ్నమైంది.

మేడం గారంటే మా లేబర్ ఆఫీసరు. పోర్టు పక్క గోదాముల్లో బస్తాలు మోసే మాకూ, కంపెనీకీ తగువొస్తే తీర్చాల్సిన ప్రభుత్వ అధికారి. ఆవిడ రాకముందు, సమ్మె నోటీసు ఇస్తే తప్ప మమ్మల్ని ఎవరూ పిలిచేవారు కాదు. పిలిచినా నాయకులు లోపల, మేము మెట్ల కింద. చివరికి ఒక కాగితం బయటికొచ్చేది. అందులో ఏముందో మాలో చాలామందికి తెలిసేది కాదు.

తగువున్నా లేకున్నా నెలకోసారి మేమూ, కంపెనీ, లేబర్ ఆఫీసూ మూడు పక్షాలూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలని ఆవిడ పట్టుబట్టారు. అనుకున్నది తెలుగులో రాయాలి. చదివి వినిపించాకే సంతకాలు. సాయంత్రానికల్లా అది అందరి ఫోన్లలో ఉండాలి.

రాసే పని నాకు అప్పగించారు. నేను బడికి వెళ్లలేదు, సిమెంటు బస్తాల మీది అక్షరాలు చూసి నేర్చుకున్నాను. ఏ షెడ్డులో ఎవరు పనిచేశారో, క్రేను ఎప్పుడు ఆగిందో రోజూ ఒక పుస్తకంలో రాసుకునే అలవాటుంది. ఒకసారి హాజరు మీద తగువొచ్చినప్పుడు ఆ పుస్తకం చూసి కంపెనీవాళ్లూ కాదనలేకపోయారు. "ఇద్దరూ నమ్మే చెయ్యి ఇది" అన్నారు ఆవిడ. నేను 'చేతులు' అని రాయాల్సిన చోట 'సేతులు' అని రాస్తే పెన్సిలుతో చిన్న సున్నా చుట్టేవారు. "నోట్లో మీ స అలాగే ఉండనివ్వండి. కాగితం మీద మాత్రం చ రాయండి" అనేవారు. మాతో ఎప్పుడూ అండీ అనే మాట్లాడేవారు.

ఒక ఏడాది కాంట్రాక్టరు మారాడు. కొత్తాయన తన మనుషులను తెచ్చుకుంటాడని తెలిసింది. మా గేటు పాసులు నెలాఖరుతో సరి. పాసు లేకపోతే లోపల అడుగు పెట్టలేం, ఇన్నేళ్ల పని అక్కడితో పోయినట్టే. ఆ నెల సమావేశంలో కంపెనీ ఆఫీసరు గారు నాతో, "పాత ముఠా పాసుల విషయం పరిశీలించబడును అని రాయవయ్యా" అన్నారు. రాశాను.

మేడం గారు అది చదివి కళ్లజోడు తీశారు. "దీనికి కర్త ఎవరండీ?"

మా మేస్త్రీ కంగారుగా లేచాడు. "కర్తేటండీ మేడం? ఎవులైనా పోనారేటి?"

మాకు తెలిసిన కర్త చితికి నిప్పు పెట్టేవాడొక్కడే. గదంతా నవ్వు. ఆఫీసరు గారూ నవ్వేశారు.

"ఎవరూ పోలేదండీ, పోయేట్టున్నవి మీ పాసులే" అన్నారు ఆవిడ. "ఈ వాక్యంలో పనుంది, చేసే మనిషి లేడు. ఎవరు చేస్తారో, ఎప్పటిలోగా చేస్తారో రాయించండి."

"అది నా చేతిలో లేదు మేడం" అన్నారు ఆఫీసరు గారు.

"ఎవరి చేతిలో ఉందో వారికి ఫోన్ చేసి రండి. ఈలోగా మేము టీ తాగుతాం."

రెండు టీలు అయ్యాయి. ఆయన తిరిగొచ్చి, "నేనే ఇప్పిస్తాను. శుక్రవారం లోగా" అన్నారు. పాత వాక్యం కొట్టేసి అలాగే రాశాను.

శుక్రవారానికి పాసులు రాలేదు. శనివారం ఆయనే గేటు దగ్గరికొచ్చి, "ఆలస్యం నాదే" అంటూ ఒక్కొక్కరి చేతిలో పాసు పెట్టారు. ఈరోజుకీ మేము అదే గేటులోంచి వెళ్తున్నాం.

'మేడం గారికి బడును పడదు' అని మావాళ్లలో ఒక మాట పుట్టింది. ఆవిడ మమ్మల్నీ వదల్లేదు. ఒకసారి మేస్త్రీ, "బస్తా సిరిగిపోనాదండి" అన్నాడు.

"దానంతటదే చిరిగిందా?"

కాసేపు తల గోక్కున్నాడు. "నాను కొక్కెం గట్టిగా ఏసీసేనండి."

"ఇప్పుడు బాగుంది" అన్నారు, పెద్ద శుభవార్త విన్నట్టు.

మంగళవారం శ్మశానానికి వెళ్లాం. పాడె దించాక పంతులు గారు చుట్టూ చూసి, "కర్త ఎవరండీ?" అన్నారు.

మేస్త్రీ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇన్నావా బావా?" అన్నాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు, మొహంలో మాత్రం నవ్వుంది.

"నేనేనండీ" అంటూ అమ్మాయి ముందుకొచ్చింది.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. 'ఈరోజు మేడం గారి అంత్యక్రియలు జరిగాయి' అని రాసి ఆగాను. కొట్టేశాను. 'మా ముఠావాళ్లం మేడం గారి పాడె మోశాం. వారి అమ్మాయి చితికి నిప్పు పెట్టింది' అని రాశాను. చితి అన్నచోట చ సరిగ్గా పడిందో లేదో మరోసారి చూసుకున్నాను.